బంకు దాకా మాత్రమే వెళ్లే కారు

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివా. ఆదివారం అనుబంధంలో మీరేసిన పాత కార్ల ఫొటోలు చూసి ఆయనకి ఒళ్లు మండినట్టుంది, ఇవన్నీ డబ్బున్నోళ్ల సోకులు, జనం పొగతో చస్తుంటే ఈ డొక్కు డబ్బాలకి రోడ్డు మీద ఏం పని, అన్నీ తుక్కు కింద కొట్టెయ్యాలి అన్నారు. అందులో సగం ఒప్పుకుంటా, మిగతా సగానికి సమాధానం చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు. ఉత్తరం కొంచెం పెద్దదైపోయింది, కత్తిరించాల్సొస్తే కోళ్ల సంగతి కత్తిరించండి గానీ పెట్రోల్ బంకు సంగతి మాత్రం ఉంచండి.

ముందు నేను డబ్బున్నోణ్ణి కాదు. రిటైరైన లెక్కల మాస్టార్ని, మాది తెనాలి పక్కన పల్లె. మీరేసిన ఫొటోల్లో చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది, అది చూసినవాళ్లకి పాత కారంటే నవాబుల వ్యవహారం అనిపించడంలో తప్పు లేదు. నాది 1968 ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు చేసేవాళ్లు, 70ల్లో అదే కారుకి పద్మిని అని పేరు పెట్టారు, బొంబాయి నలుపు పసుపు టాక్సీలంటే చాలామందికి గుర్తొచ్చేది అదే, 2023 అక్టోబరు ఆఖర్లో చివరి పద్మిని టాక్సీకి 20 ఏళ్లు నిండి రోడ్డు దిగిపోతే మీ పేపర్లో కూడా వేశారు. ఇంజన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, గేరు రాడ్డు స్టీరింగ్ కింద ఉంటుంది, దాన్ని మేం హ్యాండ్ గేర్ అంటాం. మా నాన్న 1978లో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, మా ఊళ్లో పురిటికొచ్చిన ఆడపిల్లలు సగం మంది ఈ కార్లోనే ఆస్పత్రికెళ్లారు, ఇద్దరు కార్లోనే పుట్టారు కూడా.

2001లో నాన్న పోయాక దాన్ని వడ్ల గోడౌన్‌లోకి తోసి పట్టా కప్పేశాం. అమ్మడానికి మనసు రాలేదు, నడపడానికి తీరిక లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఏం తోచక పట్టా తీశా. వెనక సీట్లో స్పాంజి అంతా చింపి కోడి గుడ్లు పెట్టుంది, పెట్టడమే కాదు పొదుగుతా ఉంది, నన్ను చూసి మీదకొచ్చింది. డ్యాష్‌బోర్డు వెనక ఎలకలు వైరింగ్ మొత్తం కొరికేశాయి. డోరు తీస్తే అడుగు రేకు నా కాలితో పాటే కిందికి పోయింది. మా ఆవిడ చూసి "ఇది బాగుచెయ్యడం కంటే నన్ను మళ్లీ పెళ్లికూతుర్ని చెయ్యడం తేలిక" అంది.

మేస్త్రిని వెతకడమే నెల పట్టింది. ఇప్పటి షెడ్లలో కుర్రాళ్లు బండికి ల్యాప్‌టాప్ తగిలించి ఎర్రర్ కోడ్ చదువుతారు, మంచి పనోళ్లే, నేను తక్కువ చెయ్యట్లేదు, కానీ నా బండికి ల్యాప్‌టాప్ తగిలించే చోటే లేదు కదా. చివరికి ఒక పెద్దాయన దొరికాడు, డెబ్భై దాటాయి, చెయ్యి వణుకుద్ది గానీ స్క్రూడ్రైవరు పట్టుకుంటే వణకదు. నేను బాబాయ్ అంటా. ఆయన వచ్చి బానెట్ ఎత్తి ఏమీ ముట్టుకోకుండా ఓ పది నిమిషాలు వాసన చూసినట్టు నిలబడి "ఇంజన్ బిగదీసింది మాస్టారూ, కొట్టమాకండి, బతిమాలాల" అన్నాడు.

బతిమాలడం అంటే ఏంటంటే ప్లగ్గులు నాలుగూ ఊడదీసి ఆ బొక్కల్లోంచి ఇంజన్ ఆయిలూ కిరసనాయిలూ కలిపి తలా కాస్త పొయ్యడం, వదిలెయ్యడం, రోజూ సాయంత్రం కాస్త కలపడం. పన్నెండో రోజున బండిని టాప్ గేర్లో పెట్టి నేనూ మా పాలేరూ ముందుకీ వెనక్కీ ఊపుతా ఉంటే, కదల్లేదు కదల్లేదు, ఉన్నట్టుండి లోపల 'టిక్' అని చిన్న సౌండు, ఫ్యాను ఒక వేలు మందం తిరిగింది. అంతే. ఒక్క వేలు. బాబాయ్ బీడీ పారేసి నవ్వాడు. ఈ హాబీ ఏంటో దీంట్లో ఏముందో అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఆ వేలు మందం గురించే, అది చూడనోళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు.

తర్వాత రెండున్నరేళ్లు. అడుగు రేకు మొత్తం కోసి కొత్త రేకు వెల్డింగ్, డోర్ల కింద అంచులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో అక్కడల్లా తుప్పే. టింకరింగ్ చేసినాయన నిజాయితీపరుడు, లప్పం దట్టంగా పులిమి నున్నగా చేసివ్వడం రెండు రోజుల పనండీ, కానీ రెండేళ్లకి పొక్కులొస్తాయి అని రేకుని సుత్తితోనే సాపు చేశాడు, దానికి నాలుగు నెలలు తీసుకున్నాడనుకోండి. బోరు కొట్టించడానికి, అంటే అరిగిన సిలిండర్ల లోపలి గోడల్ని మళ్లీ గుండ్రంగా కోయించడానికి, ముందు ఒక చోట ఇచ్చి మోసపోయా, పేరెందుకులెండి, బోరు ఒక సిలిండర్లో కోడిగుడ్డు షేపులో వచ్చింది, మళ్లీ విప్పి ఇంకో సైజు పెంచి పిస్టన్లు మార్చాల్సొచ్చింది, ముప్ఫై వేలు గోవిందా. రెండోసారి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లా. క్రాంకు గ్రైండింగ్ దగ్గర్నుంచి బుష్షుల దాకా లేత్ మీద తిప్పిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారక్కడ, కొత్త పార్టు దొరక్కపోతే పాతది చూసి తయారు చేస్తారు. వాల్వు సీట్లు, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగులు, అవి కూడా గట్టివి వేయించా, ఎందుకంటే ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోల్ కాలం నాటివి, ఆ సీసమే వాల్వు సీటు అరక్కుండా కాపాడేది, 2000లో దేశమంతా సీసం పెట్రోల్ ఆపేశారు, అది మంచికే ఆపారు, కానీ పాత హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) అలాగే వాడితే సీట్లు లోపలికి తినుకుపోతాయి. ముందు చక్రాలు పక్కకి తిరగడానికుండే కింగ్ పిన్నులూ వెనక అద్దం చుట్టూ ఉండే బీడింగూ చెన్నైలో పాత కార్ల పార్టులమ్మే పుదుపేటలో దొరికాయి, అక్కడ సందుల్లో కాకి తిరిగినట్టు రెండు రోజులు తిరిగా, ఒక కొట్టాయన నా ఫోన్లో ఫొటో చూసి ఏమీ మాట్లాడకుండా అటక మీదకెక్కి పావుగంట తర్వాత దుమ్ముకొట్టుకుపోయిన డబ్బాతో దిగాడు. మొత్తం అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలయింది, ఇది మా ఆవిడకి చెప్పిన లెక్క. ఈ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ వచ్చేది, నాకు తెలుసు, తెలిసే చేశా.

ఇంక నడపడం. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కాబట్టి ముందు బండికి బాగా దూరం ఉంచాలి, ఫస్ట్ గేరు బండి పూర్తిగా ఆగితేనే పడుద్ది, లేకపోతే గరగరమని ఊరంతటికీ తెలుస్తుంది. అరవై మీద హాయిగా పోతుంది, ఎనభై దాటితే స్టీరింగ్ మనతో మాట్లాడుద్ది. ఎండాకాలం రేపల్లె రోడ్డులో రైలు గేటు దగ్గర ఆగామంటే ఒక తంతు ఉంటుంది, ఇంజన్ వేడికి దాని పక్కనే ఉండే పెట్రోల్ పంపులో పెట్రోల్ ఆవిరై గాలి బుడగలు కడుతుంది, సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. దానికి మందు తడిగుడ్డ. పంపు మీద చన్నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పది నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే అదే చల్లబడుద్ది, అందుకే నా బండిలో జాకీ ఉన్నా లేకపోయినా ఒక వాటర్ బాటిలూ పాత టవల్ ముక్కా ఎప్పుడూ ఉంటాయి. ఒకసారి అలా ఆగితే పక్కన గేదెలు తోలుకుపోతున్న ముసలాయన కారు చుట్టూ తిరిగి "ఇది డాక్టరు గారి కారు కదూ, నా ఎడం చెయ్యి ఇరిగినప్పుడు దీంట్లోనే గుంటూరు తీసుకెళ్లాడు" అని ఆ చెయ్యి చూపించాడు. ఆ డాక్టరు గారు పోయి ముప్ఫయ్యేళ్లయింది.

సరే, అసలు విషయానికొస్తా. ఆ పాఠకుడు తుక్కు కింద కొట్టెయ్యమన్నారు కదా, గవర్నమెంటు వాళ్లు మాత్రం అలా అనలేదు. 2021 జులైలో సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్ మార్చి వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చారు. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచితే అది వింటేజ్. (ఇంగ్లండులో కారు క్లబ్బుల వాళ్ల లెక్కలో వింటేజ్ అంటే 1931కి ముందువి, మన చట్టానికి వయసు చాలు.) కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది, మళ్లీ చేయించాలంటే 5,000. నెంబరు ప్లేటులో రాష్ట్రం కోడు తర్వాత వీఏ అని వస్తుంది. పాత నెంబరు ఉన్నోళ్లు అదే ఉంచుకోవచ్చు. ఇంతవరకూ బంగారం లాంటి రూలు, దీనికి నేను దణ్ణం పెడతా.

ఈ రూలు ఆఫీసుల దాకా చేరలేదంతే. నేను వెళ్లిన ఆర్టీఓ ఆఫీసులో కౌంటరు దగ్గర అబ్బాయి నా ఆర్సీ పుస్తకం, పుస్తకమే, కార్డు కాదు, తిప్పి తిప్పి చూసి "సార్ ఇది మా సిస్టమ్‌లో ఎక్కదు, స్క్రాప్‌కిచ్చేసి సర్టిఫికెట్ తెచ్చుకోండి, కొత్త కారుకి ట్యాక్సులో తగ్గింపొస్తది" అన్నాడు, పాపం మంచికే చెప్పాడు. రూలు ప్రింటు తీసి పట్టుకెళ్తే రెండోసారి చదివాడు, మూడోసారి పై ఆఫీసర్ని కలిపించాడు, ఆయన బయటికొచ్చి కారు చూసి లోపల కూర్చుని హారన్ కొట్టి మరీ సంతకం పెట్టాడు. నాన్న పుస్తకం భద్రంగా ఉండబట్టి నేను వీఏ జోలికి పోకుండా మామూలు రెన్యువలే చేయించుకున్నా, ఐదేళ్లకి. అప్పుడు 5,000, ఇప్పుడు 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు 2025 ఆగస్టులో. కడతాం, ఏం చేస్తాం.

నా స్నేహితుడి సంగతి వేరు. అతనిది 1951 మోరిస్ మైనర్, బుజ్జి కారు, మద్రాసు రిజిస్ట్రేషన్, ఎప్పుడో గడువైపోయింది. అతను వీఏ తీసుకున్నాడు. తీసుకున్నాక తెలిసిందేంటంటే వీఏ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఎగ్జిబిషన్‌కో, వింటేజ్ ర్యాలీకో, టెక్నికల్ రిసెర్చికో తీసుకెళ్లొచ్చు, పెట్రోల్ పోయించుకోడానికీ రిపేరుకీ వెళ్లొచ్చు. వ్యాపారానికి వాడకూడదు అంటే న్యాయం. రోజూ ఆఫీసుకి తిప్పొద్దు అన్నా అర్థముంది. కానీ మా వైపు ర్యాలీలు ఎక్కడున్నాయండీ? ఢిల్లీలో స్టేట్స్‌మన్ ర్యాలీ 1964 నుంచి జరుగుతోంది, తెనాలి నుంచి మోరిస్ మైనర్ వేసుకుని ఢిల్లీ వెళ్లేసరికి ర్యాలీ కాదు శ్రాద్ధం అవుతుంది.

అందుకని మావాడేం చేస్తాడంటే ప్రతి ఆదివారం పొద్దున్నే పెట్రోల్ కొట్టించుకోడానికి వెళ్తాడు. ఇంటి పక్కనే బంకుంది. అయినా బాపట్ల బంకుకెళ్తాడు. ఎవరైనా ఆపితే "పెట్రోల్‌కండీ" అంటాడు. రెండు లీటర్లు పోయించుకుని సూర్యలంక సముద్రం గాలి పీల్చుకుని, మళ్లీ దార్లో ఇంకో బంకులో ఒక లీటరు. అరవై ఏళ్ల పెద్దమనిషి, బ్యాంకు మేనేజరుగా చేసినాయన, సొంత కారు తోలుకోడానికి గోడదూకే కాలేజీ కుర్రాడిలా కబుర్లు చెప్పాల్సొస్తోంది.

ఇది సరదా కోసం చెప్పట్లేదు. కారు పెట్టి ఉంచితే చెడుతుంది, వాడితే కాదు. నిలబెట్టిన బండిలో పెట్రోల్ జిగురై కార్బొరేటర్ జెట్లు మూసుకుపోతాయి, బ్రేకు సిలిండర్లు బిగుసుకుంటాయి, ఆయిలు సీళ్లు ఎండి పగుళ్లిస్తాయి, సైలెన్సర్లో తడి చేరి లోపల్నుంచి తింటుంది. ఇంట్లోనే రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే చాలదా అంటారు కొందరు, అది ఇంకా చేటు, ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆవిరి నీరై ఆయిల్లో కలుస్తుంది. వారానికో పది రోజులకో ఒకసారి ముప్ఫై నలభై కిలోమీటర్లు ఆగకుండా పోవాలి. నా కారు పందొమ్మిదేళ్లు ఊరికే నిలబడి ఏమైందో పైన చెప్పాగా, కోడి పొదిగింది.

మా మేనల్లుడు జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు, అక్కడ 30 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న కారుకి నెంబరు చివర హెచ్ అనే అక్షరం ఇస్తారట, ట్యాక్సు ఏడాదికి 192 యూరోల లోపు ఒకటే రేటు, మామూలుగా నడుపుకోవచ్చు, పొగ ఆంక్షలున్న సిటీ జోన్లలోకి కూడా రానిస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి పెద్దగా మార్పులు చెయ్యని కారుకి రోడ్డు ట్యాక్సు లేదు, 2018 నుంచి ఏటా చేసే టెస్టు కూడా తప్పనిసరి కాదు. కార్లు చేసిన దేశాలే అలా చూసుకుంటుంటే మనం బంకు దాకా పోవచ్చు అంటున్నాం. నేనడిగేది పెద్దదేం కాదు, వీఏ బండ్లని ఆదివారాలూ సెలవు రోజులూ నడుపుకోనివ్వండి, కావాలంటే ఏడాదికి రెండు వేల కిలోమీటర్లని హద్దు పెట్టండి, మీటరు రీడింగ్ ఫొటో ఏటా అప్‌లోడ్ చేయించండి, చేస్తాం.

పొగ గురించి ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. నా ఫియట్‌కి పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, కిలోమీటరుకి ఇది వదిలే పొగ ఇప్పటి పొగ రూల్స్ (బీఎస్-6) ప్రకారం చేసిన కారుతో పోలిస్తే చాలా ఎక్కువ, ఇందులో వాదనేం లేదు. కానీ ఇది ఏడాదికి తిరిగేది పదిహేను వందల కిలోమీటర్లు. ఆ పాఠకుడు ఏ ఊరో తెలియదు గానీ వాళ్ల ఊళ్లో పొగకి కారణం నా కారైతే కాదని గట్టిగా చెప్పగలను. పైగా ప్లగ్గుల్లో నిప్పురవ్వ సరైన టైముకి పడేలా చేసే ప్లాటినం పాయింట్లు సరిగ్గా పెట్టి, కార్బొరేటర్ ట్యూన్ చేసి ఉంచిన పాత బండికీ, ఎవరూ పట్టించుకోని పాత బండికీ పొగలో చాలా తేడా ఉంది. హాబీగా చేసేవాడు దాన్ని వదలడు, పాయింట్ల గ్యాపు ఫీలర్ గేజుతో (సన్న సందులు కొలిచే రేకులు) చూస్తాడు, అది లేకపోతే విజిటింగ్ కార్డు ముక్కతో చూస్తాడు, వేరే పనేం ఉండదు వాడికి.

పెట్రోల్ గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు పైపుల్నీ కార్కు గాస్కెట్లనీ ఉబ్బించి పాడు చేస్తుంది. నా పెట్రోల్ పంపు లోపలి పొర, డయాఫ్రం అంటారు, ఏడాదిలో రెండుసార్లు పోయింది, పైపులన్నీ కొత్త రకంవి మార్పించా, ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నా. ఇథనాల్ వద్దని నేననను, చెరుకు రైతు మా పక్కింట్లోనే ఉన్నాడు. జిల్లాకి ఒక్క బంకులో ఇథనాల్ లేని పెట్రోల్ దొరికేలా చూస్తే ధర ఎక్కువైనా కొంటాం. మావాడికి అంత దూరం వెళ్లడానికి నిజమైన కారణం కూడా దొరుకుద్ది.

ఇంకోటి, 15 ఏళ్లకీ (మొదటి రిజిస్ట్రేషన్ గడువు తీరేది అప్పుడే) 50 ఏళ్లకీ మధ్య ఉన్నవాటి సంగతి ఎవరూ మాట్లాడరు. 1983 డిసెంబర్‌లో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది, అప్పటివి ఇంకా కొన్ని ఉన్నాయి, వాటికి వింటేజ్ పేరు రావాలంటే 2033 దాకా బతకాలి. అంబాసిడర్లు 2014 మే దాకా ఉత్తరపారాలో చేశారు. ఐదేళ్లకోసారి పదేసి వేలు కట్టి యాభయ్యో ఏడు దాకా ఎంతమంది లాక్కొస్తారు? కొందరు లాక్కొస్తారు, నాలాంటి పిచ్చోళ్లు.

ఆ పాఠకుడి మీద నాకు కోపం లేదు. అడ్రసు మీ ఆఫీసులో ఉంటుంది కదా, ఈ ఉత్తరంతో పాటు నా ఫోన్ నెంబరు విడిగా పంపుతున్నా, ఆయనకివ్వండి. ఒక ఆదివారం రమ్మనండి, మావాడి మోరిస్ వెనకే మనమూ బాపట్ల పోదాం, హ్యాండ్ గేరు కాబట్టి ముందు సీటు మధ్యలో గేరు రాడ్డు అడ్డముండదు, నా పక్కన ఆయన, ఆయన భార్య కూడా పట్టేస్తారు. గేటు దగ్గర ఆగిపోతే తడిగుడ్డ చుట్టే పని మాత్రం ఆయనదే.

ఇట్లు,
మీ పేపరు 1984 నుంచి చదువుతున్న ఒక లెక్కల మాస్టారు

మరిచిపోయా, ఫియట్ 1100 డిలైట్ వెనక ఎడం వైపు లైటు ఎర్ర గ్లాసు ఎవరింట్లోనైనా అటక మీదుంటే దయచేసి మీ ఆఫీసుకి చెప్పమనండి. ఇప్పుడున్నది అతికించింది, వానలో నీళ్లు పోతున్నాయి.